నగరం, గృహం, యాత్ర: సౌందర్యదృష్టిలో నైతికత

నగరవీధిలోనో, ఇంటి ముంగిటనో, దూరయాత్రలోనో అందాన్ని గుర్తించి దానినుంచి స్ఫూర్తి పొందడం మనిషికి సహజం. అయితే చూసేవానికి ఆహ్లాదం కలిగించే దృశ్యం, అందులో ఉన్నవానికి బతుకుభారం కావచ్చు. అటువంటప్పుడు ఆ ఆహ్లాదం నిర్దోషమేనా? ఈ ప్రశ్నను రససిద్ధాంతం నేపథ్యంలో, రెండు తెలుగు గ్రంథాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

పాశ్చాత్య సౌందర్యతత్త్వంలో ఇమాన్యుయెల్ కాంట్ 1790లో చేసిన ప్రతిపాదన ప్రసిద్ధం. వస్తువును పొందాలనే కోరిక గాని, దానివల్ల కలిగే ప్రయోజనంపై దృష్టి గాని లేని ఆనందమే సౌందర్యానుభవమని ఆయన మతం. అభినవగుప్తుడు రసానుభవాన్ని మరొక విధంగా నిరూపించాడు. ప్రేక్షకుడు తటస్థుడైతే రసం పుట్టదు. పాత్ర దుఃఖాన్ని తన సొంత దుఃఖంగా భావించినా పుట్టదు. భావం వ్యక్తిగత పరిమితులను వదిలి సాధారణీకృతమైనప్పుడే సహృదయుడు దానిలో తన్మయుడవుతాడు. రంగస్థలంపై కరుణం కూడా ఆనందదాయకం కావడానికి ఇదే కారణం.

ఈ సిద్ధాంతాన్ని యథాతథంగా వీధికి అన్వయించడం కుదరదు. ప్రదర్శన ముగిసిన తరువాత నటుడు వేషం తీసివేస్తాడు. మండుటెండలో బండి తోసే కూలీకి తీసివేయడానికి వేషం లేదు. అతని అలసట అతనిదే; చూసేవాని మనస్సులో అది సాధారణీకృతమైనంత మాత్రాన అతని భుజాల మీది బరువు తగ్గదు. రంగస్థలంపై గుణమైనది వీధిలో దోషంగా మారే అవకాశం ఇక్కడే ఉంది. కాబట్టి నగరాన్ని చూసే సహృదయునికి తన్మయత్వంతో పాటు మరొక లక్షణం అవసరం. తాను అనుభవిస్తున్న అందం ఎవరి శ్రమ ఫలమో గుర్తించడమే ఆ లక్షణం.

వినుకొండ వల్లభరాయని పేర వెలసిన ‘క్రీడాభిరామం’ ఈ చర్చకు మంచి ఆకరం. దాని కర్తృత్వం శ్రీనాథునిదన్న వాదమూ ఉంది. గోవిందమంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులు కాకతీయుల ఓరుగల్లులో ఒక రోజంతా తిరగడం ఈ వీథిరూపకంలోని ఇతివృత్తం. అంగళ్లు, పందేలు, పల్నాటి వీరుల కథాగానం, పూటకూళ్ల ఇల్లు వారి చూపుకు వస్తాయి. పూటకూళ్ల భోజనాన్ని వర్ణించిన పద్యం వంటకాలతో ఆగిపోదు; ఆ ఇల్లు ఎవరిదో, భోజనానికి వెల ఒక రూక అనీ చెబుతుంది. రుచితో పాటు వెలను కూడా నమోదు చేయడం విశేషం. అయినా ఆ వంట వండిన చేతుల ప్రస్తావన పద్యంలో లేదు. స్త్రీలను వర్ణించేటప్పుడైతే ఆ మిత్రుల చూపు తరచుగా భోగదృష్టిగా మారుతుంది. ఒకే కావ్యంలో నగరాన్ని శ్రద్ధగా చూసే కన్నూ, మనిషిని వస్తువుగా చూసే కన్నూ పక్కపక్కనే ఉన్నాయి.

యాత్ర విషయంలో ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ ఉదాహరణీయం. ఆయన 1830 మే 18న చెన్నపట్టణం నుంచి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చాడు. గ్రంథం 1838లో అచ్చయింది. మజిలీ మజిలీకి బస, నీటివసతి, అంగళ్లు, దారి స్థితి అందులో నమోదయ్యాయి. నేల ఇసుకదో, రేగడిదో, రాళ్లతో నిండినదో కూడా ఆయన రాశాడు. పల్లకిలో కూర్చున్నవానికి నేల స్వభావంతో నేరుగా పనిలేదు. దానిని కాళ్లతో తెలుసుకునేవారు బోయీలు. రచయిత ఉద్దేశం తరువాతి యాత్రికులకు తోడ్పడటమే కావచ్చు. కాని దారిని గురించిన ప్రతి వాక్యం వెనుక బోయీల అడుగులున్నాయని గ్రహించి చదివితే, ఆ యాత్ర ఒక్కరిది కాదని తెలుస్తుంది.

గృహసౌందర్యంలో ఈ ప్రశ్న మరింత దగ్గరగా ఎదురవుతుంది. పాత తెలుగు ఇళ్ల వీధి అరుగు బాటసారికి కాసేపు కూర్చునే చోటునిచ్చేది. ఇంటి అందంలో పరాయివానికి కూడా వాటా ఉండటం ఆ నిర్మాణంలోని గొప్పతనం. కాని ఆ వాటా అందరికీ దక్కలేదు. కులం అరుగు దగ్గర కూడా గీత గీసింది. ఆ గీతను మరచి అరుగును కీర్తించడం సగం సత్యమే. నేటి అపార్టుమెంట్లలో అరుగు లేకపోయినా గడప ముందు ముగ్గు మిగిలింది. చాలా చోట్ల ఆ ముగ్గు వేసే చేయి పనిమనిషిది, మెప్పు ఇంటివారిది.

ఇక్కడ ఒక ఆక్షేపం రావచ్చు. ప్రతి అందం వెనుకా కష్టాన్ని వెదికితే ఆనందానికి చోటెక్కడిది? పేదవాడలో అందం చూడటమే తప్పా? దీనికి సమాధానం ఒక భేదాన్ని గుర్తించడంలో ఉంది. లేమినే అందంగా చూడటం వేరు. లేమిలోనూ మనిషి నిలబెట్టుకున్న అందాన్ని చూడటం వేరు. రేకుల ఇంటి చూరు నుంచి కారే వాననీరు చిత్రకారునికి రమణీయంగా కనిపించవచ్చు, ఆ ఇంటి ఇల్లాలికి అది తడిసిన బియ్యం. అదే ఇంటి ముందు ఆమె వేసిన ముగ్గు, పాత డబ్బాలో పెంచిన బంతిమొక్క ఆమె ఇష్టంతో చేసిన సృష్టి. మొదటిదాన్ని మెచ్చుకోవడం ఆమె బాధను మరుగుపరుస్తుంది. రెండవదాన్ని గుర్తించడం ఆమెను సౌందర్యకర్తగా గౌరవిస్తుంది. పేదవాడలో అందమే ఉండదనడం కూడా అక్కడివారికి అభిరుచి లేదనడమే అవుతుంది; అదీ అన్యాయమే.

ఈ భేదం ఆనందాన్ని నిషేధించదు, దానికి ఆధారం చూపుతుంది. హైదరాబాదు లాడ్‌బజారులో లక్కగాజుల మెరుపు చూసి మురిసేవాడు, నిప్పుసెగ దగ్గర లక్కను మెత్తబరచి రాళ్లు పొదిగే చేతులను తలచుకుంటే ఆ మెరుపు తగ్గదు. బేరమాడే మాట మాత్రం కొంత మారుతుంది. సౌందర్యదృష్టి నైతికమైనదో కాదో తేల్చేది అటువంటి చిన్న మార్పే. చూసినవాని ప్రవర్తనలో ఏ మార్పూ తేలేని స్ఫూర్తి వినోదంగానే మిగులుతుంది. ఎదుటివారి శ్రమకు విలువ కట్టడం నేర్పిన స్ఫూర్తికే సహృదయత అన్న పేరు తగుతుంది.