చందాదారుని కినుక

పత్రికాసంపాదకునకు చందాదారుడు సొమ్ము చెల్లించు బేరగాడా, తప్పు చూపు సాక్షియా? ఈ ప్రశ్న మాకు గ్రంథములవలన కలిగినది కాదు. ఆళ్లగడ్డ ప్రాంతమున ఉపాధ్యాయులుగా నున్న మిత్రులొకరు ఒకనాడు నంద్యాలలోని మా యింటికి వచ్చి, దినపత్రికనుండి కత్తిరించిన కాగితమొకటి మా ముందుంచిరి. వారు పనిచేయు పల్లెబడి పిల్లలు లేక మూతపడినదని అందుండెను. బడి మూతపడలేదు. కాని ఆ వార్త చదివిన తలిదండ్రులు కొందరు మరునాడే పిల్లలను వేరొక బడికి మార్చిరి. అబద్ధముగా పుట్టిన వార్త నిజమగుటకు దారి వెదకుకొనుచుండెను.

మిత్రులు సంపాదకునకు జాబు వ్రాసిరి. సవరణ వేయనిచో చందా మానుకొందునని చివర నొక వాక్యము చేర్చిరి. ఆ వాక్యమే కొంప ముంచినది. పదిదినములకు ఏజెంటు వచ్చి, నెలదినములు పత్రికను ఉచితముగా వేయుదుమనెను. సవరణ రాలేదు. జాబంతటికిని ప్రత్యుత్తరము లేక, కడపటి వాక్యమునకు మాత్రమే లభించెనన్నమాట!

మరికొందరు సంపాదకుల ప్రత్యుత్తరము ఇంతకంటె గంభీరముగా నుండును. ‘మమ్ము ఆ పక్షమువారును దూషించుచున్నారు, ఈ పక్షమువారును దూషించుచున్నారు, కావున మేము మధ్యస్థులము’ అందురు. ఇది తర్కమునకు నిలువదు. నంద్యాల బజారులో ధాన్యము తూచు కాటాను అమ్మువాడును కొనువాడును తిట్టినంతమాత్రమున అది సరియైన కాటా యగునా? ముల్లు ఒకనాడు అటు, ఒకనాడు ఇటు మొగ్గు కాటానుగూడ ఇరువురును తిట్టుదురు. మన శాస్త్రకారులు పూర్వపక్షమును నిండుగా చెప్పి, పిమ్మట సిద్ధాంతము చేసిరి. వారు పరీక్షించినది ఆక్షేపణను. ఆక్షేపించువారి తలలను లెక్కింపలేదు.

చందాదారులు నిర్దోషులని మేము చెప్పము. తమ అభిప్రాయమే అచ్చులో కనబడవలెనని కోరువారు మాలోనే కలరు. సంపాదకీయము నచ్చక మేమును ఒకసారి పత్రిక మానితిమి. అట్టి జాబునకు సంపాదకుడు ‘నా అభిప్రాయమిది’ అని ఊరకున్నను తప్పులేదు. అభిప్రాయము నచ్చకపోవుట వేరు, అసత్యమును చూపుట వేరు.

లండనులోని గార్డియన్ పత్రిక 1997లో పాఠకుల ఫిర్యాదులను విచారించుటకు ప్రత్యేక సంపాదకుని నియమించెను. మన దేశమున హిందూ పత్రిక 2006లో అట్టి పదవి నేర్పరచెను. న్యూయార్క్ టైమ్సు 2003లో పెట్టిన పదవిని 2017లో తీసివేసి, ఇకమీదట పాఠకులందరును కూడి కావలి కాయుదురనెను. అందరును కావలివారైన తోటకు కాపెవరో మాకు బోధపడలేదు. 1978 చట్టము ననుసరించి ఏర్పడిన ప్రెస్ కౌన్సిలుకు ఫిర్యాదు చేయువారు ముందుగా సంపాదకునకే వ్రాయవలెను. తప్పు తేలినను కౌన్సిలు హెచ్చరింపగలదు, మందలింపగలదు, జరిమానా వేయజాలదు. తిరిగి తిరిగి భారము సంపాదకుని మనస్సాక్షిమీదనే పడుచున్నది.

ఆళ్లగడ్డ శిల్పులకు తెలియును, రాతిలో ముక్కు విరిగినచో అతుకు లేదని. అచ్చునకు ఆ కష్టము లేదు. మరునాటి పుటలో మూడు పంక్తులు చాలును. ఆ మూడు పంక్తులకై మిత్రులు రెండవ జాబు వ్రాసిరి. ఈమారు చందా ప్రస్తావన తీసివేయుడని మేమే చెప్పితిమి. ప్రత్యుత్తరము రాలేదు. ఉచితపు పత్రిక మాత్రము ప్రతి ఉదయమును వారి గుమ్మమున పడుచునేయున్నది.