కోపంతో కొట్టే దెబ్బ

నల్గొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లో మన పిల్లలు కూడా కరాటే నేర్చుకుంటున్నారు. మంచిదే. సాధనలో దెబ్బ గట్టిగా తగిలితే కోపం వస్తుంది. రావడం పాపం కాదు. ఆ కోపంతో తిరిగి కొట్టే దెబ్బ సంగతి వేరు. జోడీగా నిలిచినవాడు నేర్చుకోవడానికి తన శరీరాన్ని మనకు అమానతుగా అప్పగించాడు. కక్షతో కొడితే అది ఖియానతు. 'ఆటలో మామూలే' అన్న సాకు అల్లాహ్ సన్నిధిలో చెల్లుతుందా?

కుస్తీలో పడగొట్టేవాడు కాదు, ఆగ్రహవేళ తనను తాను అదుపులో ఉంచుకునేవాడే బలశాలి అని దైవప్రవక్త (సఅసం) సెలవిచ్చారు (బుఖారీ, ముస్లిం). ఆయన స్వయంగా రుకానాతో కుస్తీ పట్టారన్న ఉల్లేఖనం ఉంది. కాబట్టి ఇది బలాన్ని తక్కువ చేసిన మాట కాదు.

నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ 2019 డిసెంబరులో ఢిల్లీ ట్రయల్స్‌లో ఓడిపోయారు. పోటీ ముగిశాక ప్రత్యర్థి చేయి కలపలేదు. నిఖత్ మనసులో ఏముందో అల్లాహ్‌కే తెలుసు. మనకు కనబడింది మాత్రం, ఆమె తిరిగి సాధనకు వెళ్ళడం, 2022 మేలో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ కావడం. (బాక్సింగ్‌లో ముఖంపై కొట్టడం ధర్మసమ్మతమా అన్నది వేరే చర్చ.)

కోపం వస్తే, నిలబడి ఉన్నవాణ్ణి కూర్చోమంటుంది హదీసు (అబూ దావూద్). కనుక పిల్లవాడి కళ్ళు ఎర్రబడగానే ఉస్తాద్ వాణ్ణి పక్కన కూర్చోబెట్టాలి. వుజూ చేసి వచ్చాకే మళ్ళీ బరిలోకి పంపాలి.