కుండమార్పిడి

మన పెద్దవాళ్ళు బేరానికి ఎంత మంచి మాట పెట్టారో చూడండి: ఇచ్చిపుచ్చుకోవడం. ముందు ఇవ్వాలి, ఆ తర్వాతే పుచ్చుకోవాలి. పెళ్ళిళ్ళ దగ్గరికొచ్చేసరికి అదే కుండమార్పిడి. మా అమ్మాయిని మీ ఇంటికి ఇస్తాం, మీ అమ్మాయిని మా ఇంటికి తెచ్చుకుంటాం. కట్నాల గొడవ ఉండదు. ఒకరి పిల్ల ఒకరింట్లో ఉంటుంది గనక రెండువైపుల అత్తగార్లూ కాస్త నోరు అదుపులో పెట్టుకుంటారు. బాగానే ఉంది. కానీ ఇద్దరు వియ్యంకుల్లో ఒకాయన, "మేమేమీ ఇవ్వలేదు, వాళ్ళే దిగొచ్చి పిల్లనిచ్చారు" అని ఊరంతా చెప్పుకుంటానని, రెండో ఆయన దానికి నోరెత్తకూడదని షరతు పెడితే?

ఇలాంటి సంబంధం నేను మన ఊళ్ళలో చూడలేదు గాని, చరిత్రలో చూశాను.

1962 అక్టోబరు అనగానే మనకి చైనా యుద్ధమే గుర్తుకొస్తుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే భూగోళానికి అవతలి వైపు క్యూబాలో రష్యా అణుక్షిపణులు పెట్టిందని అమెరికా కనిపెట్టింది. పదమూడు రోజులు ప్రపంచం ఊపిరి బిగబట్టింది. చివరికి 28వ తేదీన క్రుశ్చేవ్ క్షిపణులు తీసేస్తానన్నాడు. క్యూబా మీదికి దండెత్తమని కెన్నెడీ మాటిచ్చాడు. కెన్నెడీ గట్టిగా నిలబడ్డాడు, క్రుశ్చేవ్ తోక ముడిచాడు. బి.ఏ.లో నేను చదువుకున్నది ఇంతే.

అసలు కథ అంతకు ముందురోజు రాత్రి జరిగింది. అధ్యక్షుడి తమ్ముడు రాబర్ట్ కెన్నెడీ, వాషింగ్టన్‌లోని రష్యా రాయబారి దొబ్రీనిన్‌ని పిలిపించి మాట్లాడాడు. అప్పటికే టర్కీలో అమెరికా జూపిటర్ క్షిపణులు 15 రష్యా వైపు గురిపెట్టి ఉన్నాయి. నాలుగైదు నెలల్లో అవి వెళ్ళిపోతాయన్నాడు. కాకపోతే ఈ మాట ఎక్కడా పొక్కకూడదు. ఆ ఒప్పందాన్ని ప్రస్తావిస్తూ క్రుశ్చేవ్ రాసి పంపిన ఉత్తరాన్ని కూడా, ఇది మా దగ్గర ఉండటానికి వీల్లేదని తిరిగిచ్చేశాడు. అది ఎప్పుడైనా బయటపడితే తన రాజకీయ భవిష్యత్తుకే ముప్పని అన్నట్టు దొబ్రీనిన్ మాస్కోకి పంపిన టెలిగ్రాంలో ఉంది. 1963 ఏప్రిల్‌కల్లా జూపిటర్లు టర్కీ నుంచి వెళ్ళిపోయాయి. మాట తప్పలేదు, అది ఒప్పుకోవాలి.

ఇంత గుట్టు ఎందుకు? నవంబరు 6న అమెరికాలో కాంగ్రెసు ఎన్నికలు. క్యూబా విషయంలో కెన్నెడీ మెతకగా ఉన్నాడని ప్రతిపక్షం అప్పటికే దుమ్మెత్తిపోస్తోంది. స్నేహితుడైన టర్కీని తాకట్టుపెట్టి బేరమాడాడంటే ఊరుకుంటారా? బయట శత్రువుతో రాజీపడటం కంటే ఇంట్లోవాళ్ళకి ఆ రాజీ సంగతి చెప్పడమే కష్టం. ఇల్లు నడిపే ఆడవాళ్ళకి ఈ ముక్క ఒకరు చెప్పనక్కరలేదు!

ఆ రాత్రికి ఆ రహస్యాన్ని నేను తప్పుపట్టలేను. బయటపెడితే బేరం చెడేదేమో, చెడితే బాంబులు పడేవేమో. ప్రాణాలకంటే పారదర్శకత గొప్పదని వాదించే ఓపిక నాకు లేదు. నన్ను పీడించే ప్రశ్న వేరు. ఆ గుట్టు ఖరీదు ఎవరు కట్టారు?

కుండమార్పిడిలో ఆడపిల్లల్ని అడగనట్టే ఇక్కడ టర్కీకి ఒప్పందం సంగతి చెప్పలేదు, క్యూబానీ సంప్రదించలేదు. క్షిపణులు పోతున్నాయని కాస్ట్రోకి అందరితోపాటు వార్తల్లోనే తెలిసింది. పుచ్చుకున్నది చెప్పుకునే వీల్లేక క్రుశ్చేవ్ ఓడిపోయినవాడిలా మిగిలాడు. 1964 అక్టోబరులో సొంత పార్టీవాళ్ళే ఆయన్ని దించేశారు. అందుకు ఇంకా చాలా కారణాలున్నాయి గాని, ఈ పరాభవమూ ఆ లెక్కలో చేరింది.

అందరికంటే నాకు జాలేసేది ఎడ్లయ్ స్టీవెన్సన్ మీద. ఐక్యరాజ్యసమితిలో అమెరికా ప్రతినిధి. టర్కీ క్షిపణుల్ని బేరంలో పెడదామని, మొదటి వారంలోనే అధ్యక్షుడి ఎదుట, తోటివాళ్ళ మధ్య కూర్చుని చెప్పినవాడు. ఆ డిసెంబరులో ఒక పెద్ద పత్రిక ఆయన్ని పిరికివాడిగా చిత్రించింది. 1938లో మ్యూనిక్‌లో హిట్లరుకి లొంగిపోయినవాళ్ళ జాబితాలో చేర్చింది. ఆయన చెప్పిన పనినే దాదాపుగా చేసిన కెన్నెడీ మాత్రం ధీరుడు! "ఆయనన్నదాంట్లో తప్పులేదు, మేమూ అదే చేశాం" అని లోపలివాళ్ళలో ఒక్కరైనా అనలేకపోయారు. గుట్టు దాచడానికి మౌనం చాలు అనుకుంటాం. ఆ మౌనం పక్కవాడి నెత్తిన నింద పడుతుంటే చూస్తూ కూర్చోవడం దాకా పోతే?

ఆ రహస్యం ఉపాధ్యక్షుడు జాన్సన్‌కి సైతం చెప్పలేదంటారు. అధ్యక్షుడై వియత్నాంలో కూరుకుపోయిన రోజుల్లో, ఎదుటివాడు బెదిరేదాకా బిగిసి ఉండాలన్న పాఠమే ఆయన మనసులో ఉండి ఉంటుందని నా ఊహ. ఇచ్చిపుచ్చుకున్నారని తెలిసుంటే?

రాబర్ట్ కెన్నెడీ చనిపోయాక, 1969లో, ఆ పదమూడు రోజుల మీద ఆయన రాసుకున్న పుస్తకం వచ్చింది. దాన్ని సరిదిద్ది అచ్చుకిచ్చిన సోరెన్సన్, బేరం సంగతి స్పష్టంగా ఉన్న చోట తానే కత్తెర వేశానని 1989లో మాస్కోలో జరిగిన ఒక సదస్సులో ఒప్పుకున్నాడు. అప్పటికి క్రుశ్చేవ్ పోయి 18 ఏళ్ళు, స్టీవెన్సన్ పోయి 24 ఏళ్ళు.