వానను తిట్టని ఊళ్లు

బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం వైపు పల్లెల్లో పాతకాలం వాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. ఎంత నష్టం చేసినా వానను తిట్టగూడదు. పంట తడిసినా, మట్టిగోడ జారినా, నాలుక చివరిదాకా వచ్చిన మాటను అక్కడే మింగేస్తారు. కరువు సీమ కాబట్టి వానంటే భక్తి అని పైపైన చెప్పుకోవచ్చు. కానీ ఆ కట్టుబాటు వెనక అంతకంటే లోతైన లెక్క ఉందని నాకు అనిపిస్తుంది. అది తేలేది కార్తీకంలో, విశాఖ, అనూరాధ కార్తెల్లో, ముసురు పట్టిన వారంలోనే.

నైరుతి వెళ్లిపోయాక మాకు వచ్చే వాన తూర్పు నుంచి వస్తుంది. బంగాళాఖాతంలో వాయుగుండం లేస్తే దాని అంచు మా కొండలదాకా పాకుతుంది. 1478 మీటర్ల నంది కొండ ఉన్నట్టుండి కనబడకుండా పోతుంది. మబ్బు చూడ్డానికి బెంగళూరు నుంచి తెల్లవారకముందే కార్లు బయల్దేరతాయి. కొండ కింద మాత్రం అది కోతల కాలం. పొద్దున కాసేపు ఎండ, పన్నెండుకల్లా మబ్బు, రాత్రంతా తుంపర. మర్నాడు మళ్లీ ఎండ ఆశపెడుతుంది. ఇదే పెద్ద వానైతే మనిషి చేతులు కట్టుకుని కూర్చుంటాడు. ముసురు కూర్చోనివ్వదు, పని సాగనివ్వదు.

కోసిన రాగిని చేన్లోనే పనలుగా పరుస్తారు. ఆరాక కట్టలు కట్టి వామి వేస్తారు. వామి పడితే భయం లేదు, పైన పడిన నీళ్లు పైనే జారిపోతాయి. ప్రమాదమంతా కోతకూ వామికీ మధ్య ఉన్న ఆ కొద్ది రోజులదే. ఆ రోజుల్లో ముసురు పట్టిందా, గింజ వెన్నులోనే మొలకెత్తుతుంది. పిడికిలిలా ముడుచుకున్న కంకిని వేళ్లతో విప్పి చూస్తే లోపల వెచ్చగా తగులుతుంది. ఎర్రటి గింజల సందుల్లోంచి సన్నగా, తెల్లగా మొలకలు. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు, పన బాగానే ఉన్నట్టుంటుంది. అడుగున గడ్డి నల్లబడి ముక్కవాసన కొడుతుంది, పశువులు మూతి తిప్పుకుంటాయి.

"ఏం మావా, వామి పడిందా?" అని దారినపోయే ఆమె అడుగుతుంది.

"యాడమ్మా, పనలన్నీ చేన్లోనే ఉండాయి. పోనీలే, చెరువుకన్నా వస్తాయి నీళ్లు."

నష్టపోయినవాడి నోట ఈ రెండో మాట అంత సులువుగా రావడం నాకెప్పుడూ ఆశ్చర్యమే. రాగి అతనిది. చెరువు ఊరిది. ఒకే వాన అతని సొంతంలోంచి కొంత తీసుకుని, అందరిదానిలో కొంత వేస్తోంది. తిట్టడానికి నోరు తెరిస్తే తన పాలికి వచ్చిన నష్టాన్ని మాత్రమే లెక్కపెట్టినట్టు. నోరు మూసుకుంటే ఊరి లాభం కూడా తన ఖాతాలోకి వస్తుంది. ఇది ఓర్పు అని నేననను. 'నాది' అనే మాటకు ఎంతవరకు హద్దు వేసుకోవాలో తెలిసిన తెలివి ఇది.

పట్టుపురుగులు పెంచే ఇళ్లలో ఈ వారం ఇంకోలా గడుస్తుంది. అక్కడ తిట్టడానికీ తీరిక ఉండదు. తడి ఆకు వేస్తే పురుగుకు రోగం వస్తుంది, కాబట్టి కోసిన మల్బరీ ఆకును నీడలో పరిచి నీళ్లు ఆరనిస్తారు. నాలుగో జ్వరం (పొర విడవడం) దాటిన పురుగు ఆగదు, రాత్రీ పగలూ మేస్తూనే ఉంటుంది. పడకల మీద సున్నప్పొడి చల్లి చెమ్మ లాగేస్తారు. చలి ఎక్కువైతే లోపల బొగ్గుల కుంపటి పెడతారు. శిడ్లఘట్ట గూళ్ల మార్కెట్లో ఆ పంట ఎంత పలుకుతుందో ఎవరికీ తెలియదు. అయినా ఆకు తర్వాత ఆకు, చేయి ఆగదు. రేపటి ఆకాశం ఎలా ఉంటుందన్న ప్రశ్నకు ఆ ఇళ్లలో దొరికే జవాబు ఈ పూట మేత ఒక్కటే. మనసు కుదురుగా ఉండటం గురించి ఎన్నో ఉపన్యాసాలు విన్నాను గానీ, ఇంతకంటే నమ్మదగినది కనబడలేదు.

2021 నవంబరు ఈ కట్టుబాటుకు పెద్ద పరీక్ష పెట్టింది. 19వ తేదీ తెల్లవారుజామున వాయుగుండం చెన్నై, పుదుచ్చేరి మధ్య తీరం దాటింది. కోలారు, చిక్కబళ్ళాపురం జిల్లాల్లో కోతకొచ్చిన రాగి నేలకొరిగింది. మరోపక్క, సీమజాలి కంప మొలిచి చెరువన్న పేరు మాత్రమే మిగిలిన చోట్ల నీళ్లు నిలిచాయి, అలుగులు పారాయి. చెరువు నిండితే గంగపూజ చేయడం, తెప్ప తేల్చడం ఇక్కడి ఆచారం. కుళ్లిన పనలను చేన్లో వదిలి ఆ పూజకు వెళ్లే మనుషులను తలచుకుంటే గుండె బరువెక్కుతుంది, గర్వంగానూ ఉంటుంది.

అయితే ఈ మాటను అన్ని చోట్లకూ సాగదీయలేను. అదే రోజున కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య డ్యాం తెగి ఊళ్లు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. ఇల్లూ మనుషులూ పోయినవాళ్లకు 'చెరువు నిండింది కదా' అని చెప్పే హక్కు ఎవరికీ లేదు. వానను తిట్టకపోవడం ఎవరికి వాళ్లు పెట్టుకునే నియమం. ఎదుటివాడి దుఃఖం మీద రుద్దేది కాదు.

మా నేలలో ఏడాది పొడుగునా పారే నది లేదు. పెన్న, చిత్రావతి, పాపాఘ్ని ఈ కొండల్లోనే పుడతాయి. పుట్టి ఉత్తరానికి, తెలుగు జిల్లాల్లోకి వెళ్లిపోతాయి. చివరికి పెన్న నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. మా మబ్బు లేచి వచ్చిన సముద్రం కూడా అదే. నీళ్లు మా దగ్గర ఆగేది దారిలో కాసేపే. ఆ కాసేపును పట్టుకోవడమే ఇక్కడి బతుకు. నంది కొండ కింద ముద్దేనహళ్ళిలో, మోక్షగుండం నుంచి వలసొచ్చిన తెలుగింట 1861లో పుట్టిన విశ్వేశ్వరయ్య పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో తనంతట తానే తెరుచుకునే గేట్లు పెట్టించి, కట్ట ఎత్తు పెంచకుండానే ఎక్కువ నీళ్లు నిలిపాడు. అంతటివాణ్ని కన్న జిల్లాలోనే ఇవాళ బోర్లు 1000 అడుగులు దాటాయి, నీళ్లలో ఫ్లోరైడు కలిసింది. బెంగళూరు వాడి వదిలిన నీళ్లను శుద్ధి చేసి, హెబ్బాళ నాగవార లోయ పథకం కింద మా చెరువులకు పంపుతున్నారు. వాటికీ ఎదురుచూసే చోట, ఆకాశం నుంచి దిగే చుక్కను ఎలా కసురుకుంటాం?

నా దిగులు వేరే ఉంది. వానను తిట్టని నోళ్లు ఇంకా ఉన్నాయి గానీ, చెరువుకు నీళ్లు తెచ్చే కాలువలను పట్టించుకునే చేతులు తగ్గిపోయాయి. కొన్ని పూడిపోయాయి, కొన్ని లేఔట్ల కింద పడ్డాయి. నష్టం చేన్లో నాకు, లాభం చెరువులో ఊరికి అనే పాత లెక్క నిలబడాలంటే ముందు ఆ నీళ్లకు చెరువుదాకా దారి ఉండాలి. లేకపోతే ముసురు నుంచి మనకు మిగిలేది మొలకెత్తిన రాగి మాత్రమే. సంక్రాంతి దాటాక చేలపని తగ్గుతుంది, కాలువల్లో మట్టి ఇంకా గట్టిపడి ఉండదు. పూడిక తీయడానికి పార పట్టాల్సింది అప్పుడే.