నా నిశ్చింత ఖరీదు

మా అబ్బాయిని తెల్లవారుజామున నాలుగింటికి లేపి చదివించడం మానివేశాను. లెక్క తప్పితే కొట్టడమూ మానాను. బడిలో దండనను 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. ఇంట్లో నిషేధించుకోవలసినవాణ్ణి నేనే. అయినా దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల మీద ర్యాంకుల ఫొటోలు చూసినప్పుడల్లా, బిడ్డకు ద్రోహం చేశానేమోనని కుంగేవాణ్ణి. చలం ‘బిడ్డల శిక్షణ’లో పెద్దల అధికారాన్ని నిలదీశాడు, ఆ అధికారం వెనకనున్న భయాన్ని నాకు ఈ వీధి చూపింది. ఉద్యోగాలు కొద్ది, ఆశించేవారు వేలు. ఆ కొరతకు బిడ్డ సోమరితనాన్ని కారణం చేస్తున్నాం. అది తెలిశాక కుంగుబాటు తగ్గింది.

అయితే ఎల్.బి.నగర్‌లో మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ తన కూతురిని నాలుగింటికే లేపుతాడు. మానుకొమ్మని చెప్పబోయి ఆగాను. మావాడు పరీక్ష తప్పినా నా నెలజీతం ఆగదు. ఆ పిల్లకు పరీక్ష ఒక్కటే మెట్టు. అతని గదిలో దీపం వెలిగే వేళకు నేను మేలుకునే ఉంటున్నాను.