గాజుపెట్టెలోని శిశువు, తల్లి చేయు పూజ



ఈ పర్యాయము భృత్యాచారమును గూర్చి శాస్త్రరీతిని వ్రాయదలచి ఉంటిని. ఇంతలో ఒక తల్లి నన్నొక ప్రశ్న అడిగినది. ఆ ప్రశ్నను దాటి శాస్త్రమునకు పోవుటకు నాకు మనసొప్పలేదు. కావున ఆ సంగతినే మీ ముందుంచుచున్నాను.

మా మఠమునకు రాకపోకలు గల ఒక కుటుంబమున కోడలికి ఏడు నెలలు నిండిన కొలది దినములకే ప్రసవమయ్యెను. ఎనిమిదవ మాసమున గర్భస్థ శిశువునకు లింగము నిచ్చు సంస్కారము ఇంకను జరుగనే లేదు. ఆడశిశువు, బరువు 1 కిలో 200 గ్రాములు. పుట్టిన గంటలోపుననే ఆ బిడ్డను జిల్లా కేంద్రమందలి ఆసుపత్రికి చేర్చి, ఇంక్యుబేటరు అను గాజుపెట్టెలో ఉంచిరి. మూడవ దినమున నాయనమ్మ మఠమునుండి లింగమును, శివదారమును తీసికొని పోయి బిడ్డ మెడలో కట్టవలెనని పట్టుబట్టినది. నర్సమ్మ మర్యాదగానే, "అమ్మా, లోపల దారము గాని, తాయెత్తు గాని ఏదియు ఉంచరాదు" అని చెప్పినది. ఆ పెద్దామె వరండాలో కూర్చుండి, "లింగములేని బిడ్డ మా ఇంట ఏనాడును లేదు" అని కంట తడిపెట్టినది. చూడవచ్చిన బంధువులలో ఒకరు, కోడలు గర్భిణిగా ఉన్నప్పుడు పూజలో లోపము చేసినదేమో యని తల్లి వినునట్లే అనిరి.

నేను పోవునప్పటికి 20 దినములైనవి. ఆ తల్లి నన్ను చూచి నమస్కరించి, "అయ్యగారూ, నా బిడ్డ భవియేనా? రెండు మూడు గంటలకొకసారి పాలు పితికి ఇయ్యవలె. కుదురుగా కూర్చుండి పూజ చేసికొని ఎన్ని దినములైనదో! నా పాపమే దానికి తగిలినదా?" అని అడిగినది.

నాకు వెంటనే మాట రాలేదు. ఆ నాయనమ్మ పట్టుదలను తేలికగా త్రోసివేయరాదు. లింగము వీడిన ప్రాణమే వీడవలెనను నిష్ఠలో పెరిగిన తరము ఆమెది. అట్టి నిష్ఠ వలననే మన ధర్మము నిలిచినది. అయినను శరణుల చరిత్రలలో మరియొక సంగతి యున్నది. నులియ చందయ్య గడ్డి కోసి త్రాళ్లు పేని, వచ్చిన దానితో జంగమ దాసోహము నడుపుచుండెను. ఒకనాడు గడ్డి కోయుచుండగా ఆయన ఇష్టలింగము జారి నీట పడినది. ఆయన దానికై ఆగక తన పని తాను చేసికొని పోయెను. లింగమే ఆయన వెంటబడి వచ్చినదనియు, మడివాళ మాచయ్య మధ్యవర్తియై నచ్చజెప్పవలసి వచ్చినదనియు శూన్యసంపాదన చెప్పుచున్నది. లింగమును అలక్ష్యము చేయుమని దీని యర్థము కాదు. చేతిలోని సేవను విడువని వానిని లింగము తాను విడువదని మన పెద్దలు గ్రహించిరి.

మఱియు ఇష్టలింగ, ప్రాణలింగ, భావలింగములని మూడింటిని చెప్పుకొనుచున్నాము. మెడలోని లింగము ఇష్టలింగము. ఆ చిన్నారి ఎండురొమ్ము లేచి పడుచున్నంతకాలము ప్రాణలింగము అచటనే యున్నది. దారము కట్టుటకు ఆలస్యమైన మాత్రమున ఆ బిడ్డ శివునకు పరాయిది కాదు.

పాపమను మాటకు వత్తును. నెలలు నిండకముందు కాన్పగుటకు తల్లికి రక్తపోటు, అంటురోగము, కవలలు మొదలగు కారణములు ఉండవచ్చును. పెక్కు సందర్భములలో వైద్యులకును కారణము దొరకదు. కర్మసిద్ధాంతము మన నడతను మనము దిద్దుకొనుటకే గాని, పచ్చి బాలెంతరాలి ముఖమున విసరుటకు కాదు.

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పిన బెజ్జమహాదేవి కథ మీలో పెక్కుమంది ఎరుగుదురు. శివునకు అందరు నున్నారు గాని తల్లి లేదు గదా యని ఆమె బెంగగొన్నది. తల్లి యున్నచో విషము త్రాగనిచ్చునా, బూడిద పూసికొని తిరుగనిచ్చునా యని తలపోసి, తానే తల్లియై ఆయనకు స్నానము చేయించి, పాలు పట్టి పెంచినది. అప్పుడు శివుడు వ్యాధిగ్రస్తుడైన పసివాడై పాలు త్రాగుట మానెను. ఆమె తల్లడిల్లి ప్రాణత్యాగమునకు సిద్ధపడగా ప్రత్యక్షమయ్యెను. నేను ఈ కథను ఎన్నియో మారులు పురాణముగా చెప్పితిని. కాని ఆ వార్డు గుమ్మమున నిలిచిన నాడే నాకు తట్టినది: ఆ కథలో పూజ అనగా పాలు పట్టుటయే! ఆ తల్లితో, "అమ్మా, నీవు పితికి ఇచ్చు ఆ నాలుగు చుక్కలే నీ అభిషేకము. స్నానము కాగానే నీ లింగమును చేతనుంచుకొని ఒక్క క్షణము కన్నులు మూయుము, ఇప్పటికి అది చాలును" అంటిని.

నర్సమ్మ నియమమును గూర్చియు చెప్పవలెను. నెలలు నిండని బిడ్డ చర్మము క్రింద క్రొవ్వు తక్కువ. ఒంటి వెచ్చదనము నిలువదు. చప్పరించుట, మ్రింగుట, శ్వాస తీయుట ఒకదానితో నొకటి పొసగునంతవరకు గొట్టముద్వారా పాలు పోయుదురు. మన చేతికి ఏమియు చేయని క్రిమి ఆ బిడ్డకు ప్రాణాంతకము కావచ్చును. కావున సబ్బుతో చేతులు కడుగుకొని లోనికి పోవుటను మడివాళ మాచయ్య శుచిత్వముగానే భావింపుడు. దగ్గు, జలుబు గలవారు ఇంట నుండియే నమస్కరింపుడు. పదిమంది పోయి వరండాలో కూర్చుండుట పరామర్శ కాదు.

పురుడు పేరిట తల్లిని దూరముంచు అలవాటు మన ఇండ్లలోనికి ఎట్లో చొరబడినది. జనన సూతకము లింగవంతులకు లేదని చెప్పిన ధర్మము మనది. కావున బిడ్డను తాకుటకు తల్లి ఏ దినము కొఱకును వేచియుండ నక్కరలేదు. వైద్యశాస్త్రమును నేడు ఆ స్పర్శనే కోరుచున్నది. 1978లో కొలంబియా దేశపు బొగొటా నగరమున ఇంక్యుబేటర్లు చాలక, ఎడ్గర్ రే సనాబ్రియా అను వైద్యుడు తల్లుల రొమ్ములపైననే శిశువులను కట్టియుంచు పద్ధతిని ఆరంభించెను. కంగారు సంరక్షణ యని దానికి పేరు. దినమునకు 8 గంటలు మొదలు 24 గంటలవరకు అట్లుంచుట మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించినది. వైద్యులు సమ్మతించిన పిదప, తల్లి అలసినప్పుడు తండ్రియు ఎత్తుకొనవచ్చును. ఈ ఇంటి తండ్రి మొదట సిగ్గుపడెను. చొక్కా విప్పి కూర్చుండి బిడ్డను గుండెకు హత్తుకొన్న నాటినుండి ఆయన ముఖమే మారినది.

ఇంటిలో నాలుగేండ్ల పెద్దపిల్లవా డొకడున్నాడు. అందరును ఆసుపత్రి మాటలలో మునిగియుండగా వాడు అన్నము మానెను. "నీవు వరండాలో ఏడ్చుటకంటె వీనికి ఒక ముద్ద పెట్టుట లింగమునకు ప్రీతి" అని నాయనమ్మతో కొంచెము కటువుగానే అంటిని. ఆమెకు కోపము వచ్చినది. అయినను మరునాడే ఇంటికి పోయినది. బిడ్డ లింగమును తన లింగముతోపాటు తానే పూజించుచు, మనుమనిచేత విభూతి పెట్టించుచుండెను.

ధనమును గూర్చి రెండు మాటలు. ప్రభుత్వాసుపత్రులలో జబ్బుపడిన శిశువులకు ఉచిత చికిత్స నిచ్చు జననీ శిశు సురక్షా కార్యక్రమము 2011లో ఆరంభమైనది. ఏడాది నిండువరకు వర్తించునట్లు 2014లో విస్తరించిరి. అప్పు చేయుటకు ముందు దానిని విచారింపుడు. ఇక మఠముల వారికి నా మనవి: ఆసుపత్రి యున్న ఊరిలో మన మఠ మున్నచో, బాలెంత కూడ నున్నవారికి ఒక గదియు, రెండుపూటల అన్నమును ఇచ్చినచో దాసోహము పేరు నిలుచును.

ఆ బిడ్డ 54వ దినమున ఇల్లు చేరినది. ఇంకను బలహీనురాలే, నెలకు రెండుమార్లు ఆసుపత్రికి పోవలసియున్నది, మరల చేర్చవలసి రావచ్చునని కూడ వైద్యులు చెప్పిరి. లింగధారణకు నన్నే పిలిచిరి. శివదారము మెడకు చుట్టక, లింగకాయను తొట్టెపైన అందనంత ఎత్తున కట్టవలెనని తల్లి ముందుగనే అడిగినది, సరే యంటిని. నేను గడప దాటబోవుచుండగా నాయనమ్మ చెంబుతో నీళ్లు, సబ్బుబిళ్ల తెచ్చి ఎదుట నిలిచి, "అయ్యగారూ, ముందు చేతులు. మోచేతులదాకా" అన్నది.