చిత్రగుప్తుని చిట్టా

2012 మే 13వ తేదీని ఇస్తాంబుల్ నగరమున జరిగిన యూరోలీగ్ బాస్కెట్‌బాల్ తుదిపోరున, ఒకదశలో 19 పాయింట్లు వెనుకబడిన గ్రీకుజట్టు ఒలింపియాకోస్, మాస్కో సీఎస్‌కేఏ జట్టును 62-61తో జయించెను. ఆట ముగియుటకు పదిసెకన్లలోపున మాస్కోజట్టువాడు షిష్కౌస్కస్ విసరిన ఫ్రీత్రోలు రెండును తప్పిపోగా, స్పనూలిస్ అందించిన బంతిని, సెకనైన మిగులని వేళ, ప్రింటెజిస్ బుట్టలో వేసెను. గణాంకపత్రమున నిది రెండు వ్యర్థయత్నములు, ఒక అసిస్టు, రెండు పాయింట్లు, అంతియ! చిత్రగుప్తుని చిట్టాయు నిట్టిదే యైనచో మన గతి యేమి? చేయి విడిచిన బంతి కర్తకు వశము కాదు. 2007, 2008 సంవత్సరములలో షిష్కౌస్కస్‌ను విజేతను జేసినదియు నా చేయియే, ఆ యభ్యాసమే. ఫలమును మాత్రమే లెక్కించు పత్రము కర్మను లెక్కింపదనియే నా తలపు. ప్రత్యర్థిని తనవైపునకు లాగి తోడివానికి దారి విడిపించినవాని పేరున నొక్క యంకెయు నుండదు గదా. షిష్కౌస్కస్ 2012లోనే ఆటనుండి విరమించెను.